కోపం సబబేనా, కోపం వల్ల ప్రయోజనం ఉందా: సద్గుణం, నైతిక ఉద్వేగాలు, ఆధునికత మీద ఏం చదవాలి?

#1 తీరికవేళ

అందరికీ నమస్కారం. తత్వవేత్త అలస్డేర్ మెకింటైర్ రాసిన 'ఆఫ్టర్ వర్చ్యూ' (1981) చదవడం పూర్తయింది. రెండు, మూడు అధ్యాయాలు ఎమోటివిజం మీద దాడే. "ఇది మంచిది" అంటే "నాకిది నచ్చింది, నువ్వూ మెచ్చుకో" అనడమే, అంతకుమించి ఏమీ లేదనే సిద్ధాంతం అది. ఆ తర్వాత ఈ పదేళ్లలో కోపం, సిగ్గు, అవమానం మీద వచ్చినవి తెరిస్తే తికమకగా ఉంది. నీతి ఉద్వేగాల పాలైపోయిందని ఆయన బాధపడుతుంటే, వీళ్లు ఉద్వేగాల్లోనే నీతిని వెతుకుతున్నారు. ఈ రెండూ ఎదురెదురు దారులేనా? ఏది ముందు, ఏది వెనక చదవాలి?

#2 పాతపుటలు

తీరికవేళ గారూ, 'ఉద్వేగం' అన్న ఒకే మాట రెండు అర్థాల్లో వాడటంతో వచ్చిన తికమక ఇది. ఎమోటివిజం లెక్కలో ఉద్వేగం తలనొప్పి లాంటిది. వస్తుంది, పోతుంది. ఒప్పా తప్పా అని అడగడానికి అందులో ఏమీ ఉండదు. ఇప్పుడు కోపం మీద రాస్తున్నవాళ్లు ఒప్పుకోనిది సరిగ్గా ఆ మాటనే. తలనొప్పి పొరబడదు, కోపం పొరబడుతుంది. పక్కవాడు పుస్తకం ఎత్తుకుపోయాడని ఒకరు మండిపడ్డారు, తీరా చూస్తే పుస్తకం తన సంచిలోనే ఉంది. అప్పుడు ఆ కోపం చల్లారడమే కాదు, మొదటి నుంచీ అది తప్పుడు కోపమని తేలుతుంది.

ఇది కొత్త సంగతేం కాదు. అరిస్టాటిల్ 'రెటరిక్' రెండో భాగం రెండో అధ్యాయం చూడండి. తననో తనవాళ్లనో అకారణంగా చులకన చేశారని నొచ్చుకుని, దానికి బదులు తీర్చుకోవాలని కోరడమే కోపం అంటాడు. అందులో బాధ ఉంది, కోరిక ఉంది, అన్నిటికన్నా ముఖ్యంగా ఒక అంచనా ఉంది: "నన్ను చులకన చేశారు, నేను అందుకు తగను." అంచనా ఉన్నచోట ఒప్పూ తప్పూ ఉంటాయి.

మెకింటైరూ ఇటువైపే. పన్నెండో అధ్యాయంలో సద్గుణమంటే ఒక తీరుగా నడుచుకోవడమే కాదు, ఒక తీరుగా స్పందించడం కూడా అని స్పష్టంగా రాశాడు. ఆ వాక్యం కింద గీత గీసుకుంటే మీ సందేహం సగం తీరుతుంది.

#3 నల్లబల్ల

'ఆఫ్టర్ వర్చ్యూ'ను మళ్లీ తిరగేసేవాళ్ల కోసం కొంచెం వివరంగా రాస్తాను. 1981 ముద్రణలో 18 అధ్యాయాలు. 1984 రెండో ముద్రణలో విమర్శలకు జవాబుగా 19వది చేరింది. 2007 మూడో ముద్రణకు కొత్త ముందుమాట ఉంది. కొనేట్టయితే మూడోదే కొనండి. రెండోసారి చదివేటప్పుడు 1, 2, 3, 5, 9, 12, 14, 15 చాలు. సామాజిక శాస్త్రాల జోస్యాల మీద రాసిన 7, 8 అధ్యాయాలు తర్వాతైనా చదవొచ్చు. చాలామంది ఆగిపోయేది అక్కడే.

అసలు వాదం ఐదో అధ్యాయంలో ఉంది. పాత నీతికి మూడు కాళ్లు: మనిషి ఇప్పుడున్న తీరు, తన గమ్యం చేరితే ఉండగల తీరు, మొదటిదాన్నుంచి రెండోదానికి చేర్చే నియమాలు. ఆధునికులు మధ్య కాలు తీసేశారు. ఇప్పుడున్న మనిషి మిగిలాడు, నియమాలు మిగిలాయి, ఆ రెంటికీ లంకె తెగిపోయింది. ఊరి పేరు చెరిగిపోయిన మైలురాయి లాంటివి ఆ నియమాలు. అంకె కనిపిస్తుంది గానీ ఎక్కడికి అంత దూరమో తెలియదు.

ఇక పద్నాలుగో అధ్యాయం. ఏడేళ్ల పిల్లవాడికి చదరంగం నేర్పాలి, వాడికి ఆసక్తి లేదు. ఆడితే 50 సెంట్ల మిఠాయి, గెలిస్తే మరో 50 సెంట్ల మిఠాయి ఇస్తామంటారు. మిఠాయి కోసమే ఆడినంతకాలం దొంగాట ఆడకపోవడానికి వాడికి ఏ కారణమూ లేదు. ఆటలోనే ఉండే మేలు, అంటే ఎత్తును ముందే చూడగలగడం, పోటీలోని పదును, రుచి చూశాక మాత్రం దొంగాట ఆడితే మోసపోయేది తనే. మెకింటైర్ చెప్పే లోపలి మేలు, బయటి మేలు ఇవే. ఇక్కడితో ఆగి "దొంగల ముఠాకీ ఇలాంటి నైపుణ్యం ఉంటుంది కదా" అని వాదించేవాళ్లున్నారు. సద్గుణానికి ఆయన ఇచ్చిన నిర్వచనం మూడు మెట్లది: సాధన (చదరంగంలా తనలోనే మేలున్న పనికి ఆయన పెట్టిన పేరు), ఒక జీవితం మొత్తంగా ఒక కథగా నిలవడం, సంప్రదాయం. రెండోదీ మూడోదీ 15లో ఉన్నాయి. మొదటి మెట్టు మీదే నిలబడి తీర్పు చెప్పకండి.

#4 ఎర్రమట్టి

నల్లబల్ల గారూ, ఆ పద్నాలుగో అధ్యాయంలోనే ఇటుకలు పేర్చడం సాధన కాదు, భవన నిర్మాణ కళ సాధన అంటాడు. టర్నిప్ దుంపలు నాటడం కాదు, వ్యవసాయం సాధన అంటాడు. ఈ గీత నాకు మింగుడుపడదు. గోడ నిలువు తప్పిందని కంటిచూపుతో పట్టేసే తాపీమేస్త్రికి లోపలి మేలు లేదా? నారు ఎంత లోతున, ఎంత ఎడంగా పెట్టాలో వేళ్లకే తెలిసిన కూలీ మనిషికి లేదా? గీసిన గీత అచ్చంగా చేతిపనికీ తలపనికీ మధ్య పడింది. మన దగ్గర ఆ గీతకు కులం పేరు ఉంది.

#5 పాతపుటలు

ఎర్రమట్టి గారి మాట బరువైంది. మెకింటైర్ తరఫున ఒక్కటి చెప్పొచ్చు. ఆయన ప్రశ్న నైపుణ్యం ఉందా లేదా అని కాదు. ఆ పని తనంతట తాను తన ప్రమాణాలను పెంచుకుంటూ పోతుందా అన్నది ఆయన ప్రశ్న. బంతిని నేర్పుగా విసరడం సాధన కాదు, ఫుట్‌బాల్ ఆట సాధన అన్నదీ అందుకే. కానీ ఆ ప్రమాణంతో చూసినా తాపీపని సాధనే అవుతుంది. ఉదాహరణ పొరపాటు, ప్రమాణం కాదు. 1999 నాటి 'డిపెండెంట్ రేషనల్ యానిమల్స్'లో ఆయన మనిషి శరీరం వైపు, ఒకరి మీద ఒకరు ఆధారపడటం వైపు తిరిగాడు. అది చదివితే మీ అసంతృప్తి కొంత తగ్గుతుంది.

#6 ఏటిఒడ్డు

ఈ చర్చలో బ్రిటిష్ తత్వవేత్త పీటర్ స్ట్రాసన్ లేకపోతే కుదరదు. 'ఫ్రీడమ్ అండ్ రిసెంట్‌మెంట్', 1962, చిన్న వ్యాసం. ఆయన ఉదాహరణ: ఒకరు పొరపాటున నా చెయ్యి తొక్కారు, ఇంకొకరు నేనంటే లెక్కలేక తొక్కారు. నొప్పి రెండుసార్లూ ఒకటే. కానీ రెండోసారి నాలో లేచేది మొదటిసారి లేవదు. అలా లేచేది నొప్పికి కాదు, ఎదుటివాడి మనసుకు బదులు. కృతజ్ఞత, రోషం, క్షమ, నొచ్చుకోవడం అన్నీ ఈ జాతివే.

వీటిని పక్కన పెట్టే సందర్భాలు రెండు రకాలంటాడు. "చూసుకోలేదు", "వెనక నుంచి తోశారు" అన్నవి మొదటి రకం. అక్కడ ఆ పని మీద కోపం పోతుంది, మనిషి మాత్రం మనతో సమానంగానే ఉంటాడు. "పసివాడు", "మతి స్థిమితం లేదు" అన్నవి రెండో రకం. అక్కడ మనిషినే వేరుగా చూడటం మొదలవుతుంది. ఎలా సముదాయించాలి, ఎలా నయం చెయ్యాలి, ఎలా దారికి తేవాలి అన్నవే ప్రశ్నలు. మామూలు మనుషుల పట్ల కూడా మనం అప్పుడప్పుడూ ఈ చూపును వాడతామనీ, బంధాల ఒత్తిడి నుంచి కాసేపు తప్పుకోవడానికనీ స్ట్రాసన్ గమనిస్తాడు.

ఇప్పుడు మెకింటైర్ మూడో అధ్యాయం పక్కన పెట్టి చూడండి. ఆధునిక కాలానికి గుర్తుగా ఆయన చూపించే ముగ్గురిలో ఇద్దరు మేనేజరూ థెరపిస్టూ. లక్ష్యం మంచిదా కాదా అన్నది వాళ్ల పరిధిలో లేదు. ఉన్న లక్ష్యానికి మనిషిని ఎంత సమర్థంగా సర్దుబాటు చెయ్యొచ్చన్నదే వాళ్ల పని. స్ట్రాసన్ కాసేపటికని చెప్పిన ఆ చూపే వీళ్లకు పూర్తికాలపు ఉద్యోగం. నాకు ఈ రెండు రచనలూ కలిసేది ఇక్కడే. కోపంతో ఉన్న ఉద్యోగిని కోపం అదుపు తరగతికి పంపిస్తే అక్కడ ఊపిరి లెక్కపెట్టడం నేర్పుతారు. ఆ కోపం సబబా అని అడిగే కుర్చీ ఆ గదిలో ఉండదు.

#7 సన్నజాజి

ఏటిఒడ్డు గారు చెప్పిన ఆ లేని కుర్చీ గురించే తత్వవేత్త అమియా శ్రీనివాసన్ వ్యాసం 'ది ఆప్ట్‌నెస్ ఆఫ్ యాంగర్' (2018). 1965లో కేంబ్రిడ్జి యూనియన్‌లో అమెరికా నల్లజాతి రచయిత జేమ్స్ బాల్డ్విన్, సంప్రదాయవాది విలియం బక్లీల మధ్య జరిగిన వాదనతో మొదలవుతుంది. కోపం సబబేనా అన్నది ఒక ప్రశ్న, కోపం వల్ల ప్రయోజనం ఉందా అన్నది వేరే ప్రశ్న. రెండోదానికి లేదని జవాబొచ్చినంత మాత్రాన మొదటిది ముగిసిపోదు. అన్యాయం జరిగినవాళ్లకు "నీ కోపం నీకే చేటు" అని చెప్తే, ఆ మాట నిజమే అయినా, వాళ్లు తగిన కోపానికీ తమ మేలుకూ మధ్య ఏదో ఒకటి వదులుకోవాలి. ఆ ఇరకాటమే ఇంకో అన్యాయం అంటారామె.

అవతలి పక్షం అమెరికా తత్వవేత్త మార్తా నస్‌బామ్ 'యాంగర్ అండ్ ఫర్గివ్‌నెస్' (2016). ఆమె వాదం కూడా తేలిగ్గా తీసెయ్యకండి. అరిస్టాటిల్ చెప్పినట్టు కోపంలో బదులు తీర్చుకోవాలన్న కోరిక ఉంటుంది. ఆ బదులు దేనికి? జరిగిన నష్టం పూడ్చడానికైతే అది మంత్రాలకు చింతకాయలు రాలతాయనుకోవడమే, పోయింది తిరిగిరాదు. ఎదుటివాణ్ని దించి మనం పైకి రావడానికైతే దానికి అర్థముంది గానీ, సంగతి అన్యాయం నుంచి హోదాకు జారిపోయింది. ఆమె ఒప్పుకునే కోపం ఒక్కటే: "ఎంత ఘోరం! దీనికి ఏదైనా చెయ్యాలి" అని ముందుకు తిరిగేది. దాన్ని మలుపు కోపం అనుకోవచ్చు.

చదివేవాళ్లు చేసే తప్పు ఏమిటంటే ఇద్దరినీ 'కోపం వద్దు', 'కోపం కావాలి' అని విడగొట్టడం. శ్రీనివాసన్ కోపం తెచ్చుకోండని చెప్పడం లేదు. నస్‌బామ్ అన్యాయాన్ని సహించమనడం లేదు. కోపంలో పగ తప్పకుండా ఉంటుందా అన్న ఒక్క బిందువు దగ్గర వాళ్లు విడిపోతారు. అక్కడ వేలు పెట్టి చదవండి.

#8 తీరికవేళ

"తన కోపమె తన శత్రువు" అని మనం చిన్నప్పుడే నేర్చుకున్నది రెండో ప్రశ్నకు జవాబన్నమాట. మొదటి ప్రశ్న మన దగ్గర ఎవరైనా అడిగారా?

#9 పద్యప్రియ

అడిగింది ద్రౌపది. అరణ్యపర్వం మొదట్లోనే, అంటే తెలుగులో నన్నయ రాసిన భాగంలోనే ఉంది. అడవిలో ధర్మరాజు శాంతంగా కూర్చుంటే, ఇంత జరిగినా నీకు కోపం ఎందుకు రాదని నిలదీస్తుంది. మూలంలో అక్కడ ఆమె ప్రహ్లాదుడు మనవడు బలికి చెప్పిన మాట ఎత్తుకుంటుంది: ఎప్పుడూ తేజస్సే (ఉగ్రతే) మేలు కాదు, ఎప్పుడూ క్షమే మేలు కాదు.

ఆ తర్వాతి భాగం చాలా ఆచరణాత్మకం. ఎప్పుడూ క్షమించేవాడికి ఏమవుతుంది? నౌకర్లు లెక్కచెయ్యరు, అతని బట్టలూ వాహనాలూ నగలూ పడకలూ కాజేస్తారు. ఎప్పుడూ మండిపడేవాడికి ఏమవుతుంది? సొంతవాళ్లే దూరమవుతారు. మరి ఎవరిని క్షమించాలి? పూర్వం మేలు చేసినవాడు తప్పు చేస్తే ఆ మేలును తలుచుకుని క్షమించాలి. తెలియక చేసినవాణ్ని క్షమించాలి. ఎవరిదైనా మొదటి తప్పు క్షమించాలి, రెండోది చిన్నదైనా శిక్షించాలి. తెలిసే చేసి "తెలియక చేశాను" అనేవాణ్ని మాత్రం చిన్న తప్పుకైనా వదలకూడదు. ఏటిఒడ్డు గారు చెప్పిన "చూసుకోలేదు" ఇక్కడుంది, ఆ మాటను దొంగగా వాడుకునేవాడు కూడా ఇక్కడున్నాడు.

ధర్మరాజు జవాబు: కోపం వచ్చినవాడికి ఏది అనొచ్చో ఏది అనకూడదో తెలియదు, తిట్టినవాణ్ని తిట్టి కొట్టినవాణ్ని కొట్టుకుంటూ పోతే లోకం నిలవదు.

#10 పాతపుటలు

పద్యప్రియ గారూ, అద్భుతమైన చోటు చూపించారు. ఒక్క జాగ్రత్త. ద్రౌపదిది మొదటి ప్రశ్న, ధర్మరాజుది రెండో ప్రశ్న అని సరిగ్గా పంచలేం. నౌకర్లు బట్టలు కాజేస్తారన్నది కూడా ప్రయోజనం లెక్కే. మొదటి ప్రశ్న స్వచ్ఛంగా వినిపించేది దానికి ముందు, ద్రౌపది ఒక్కొక్కరినీ చూపించి "వీళ్లను ఇలా చూసి నీకు కోపం రాదా" అని అడిగే చోట. భీముడు, అర్జునుడు, కవలలు, తను. అక్కడ లాభనష్టాల మాటే లేదు. కళ్లముందున్నదానికి తగిన బదులు ఏదని మాత్రమే అడుగుతోంది.

#11 నిర్వాహకులు

చిన్న విన్నపం. పేజీ సంఖ్యలు ఇవ్వకండి, ముద్రణను బట్టి మారతాయి. అధ్యాయం సంఖ్య ఇవ్వండి. అరిస్టాటిల్‌కైతే పక్క అంచున ఉండే బెకర్ సంఖ్య (గ్రీకు మూలంలో ఆ చోటును చూపేది) ఇవ్వండి, ఏ అనువాదంలోనైనా దొరుకుతుంది. కోపం నిర్వచనం 'రెటరిక్' 1378ఎ దగ్గర.

#12 ఎర్రమట్టి

మెకింటైర్‌తో నా అసలు పేచీ తొమ్మిదో అధ్యాయం మీద. పద్దెనిమిదో శతాబ్దపు అన్వేషకుడు కెప్టెన్ కుక్ నావికులు పసిఫిక్ దీవులైన పాలినీషియాలో టాబూ అన్న మాట వింటారు. ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసి ఎందుకు తినకూడదంటే "టాబూ" అంటారు. టాబూ అంటే ఏమిటంటే చెప్పలేకపోతారు. 1819లో హవాయి రాజు రెండో కమేహమేహా వాటిని రద్దు చేస్తే పెద్దగా ఏమీ జరగలేదంటాడు మెకింటైర్. నియమాలకు వెనకున్న నేపథ్యం అప్పటికే పోయింది కాబట్టి. మన "చెయ్యాలి", "తప్పు" అన్న మాటలూ ఇప్పుడు అలాంటి అవశేషాలే అంటాడు.

ఆ కథను మైల, ఎంగిలి, అంటు అన్న మాటలకు పెట్టి చూడండి. కారణం ఎవరూ చెప్పలేరు, అయినా అవి రాలిపోలేదు. అర్థం పోయినా అధికారం ఉంటే నియమం నిలుస్తుంది. అర్థం పోవడం మీద మెకింటైర్ బెంగ, అధికారం పోకపోవడం మీద అంబేద్కర్ పోరాటం. 'కుల నిర్మూలన' (1936)లో ఆయన నియమాలకూ సూత్రాలకూ తేడా చూపిస్తాడు. నియమం చెప్పినట్టు చెయ్యమంటుంది, సూత్రం నీ తీర్పును నువ్వే వాడమంటుంది, బాధ్యత అప్పుడే పుడుతుంది. సద్గుణాల మీద ఇంతకంటే పదునైన వాక్యం నాకు తెలియదు. ఆరో అధ్యాయంలో హక్కులను నమ్మడం మంత్రగత్తెలనూ ఒంటికొమ్ము గుర్రాలనూ నమ్మడం లాంటిదని మెకింటైర్ అన్నది చదివినప్పుడు, 1927లో మహాడ్ చెరువు నీళ్లు తాగడానికి అంబేద్కర్ వెంట వెళ్లిన దళితుల చేతిలో ఆ హక్కు తప్ప ఇంకేముందో గుర్తు పెట్టుకోవాలి.

దీనికి తోడు చదవాల్సింది గోపాల్ గురు సంపాదకత్వంలో వచ్చిన 'హ్యుమిలియేషన్' (2009). తత్వవేత్త ఎవిషాయ్ మార్గలిట్ 'ది డీసెంట్ సొసైటీ' (1996) కూడా. సంస్థలు మనుషులను అవమానించని సమాజమే మర్యాద గల సమాజం అంటాడు. అవమానపడినట్టు అనిపించడం కాదు, ఆత్మగౌరవం దెబ్బతిన్నదనడానికి గట్టి కారణం ఉండటమే ఆయన కొలత. మళ్లీ మన 'సబబు' దగ్గరికే వచ్చాం.

#13 నల్లబల్ల

అవమానం వచ్చింది కాబట్టి సిగ్గు కూడా. తత్వవేత్త బెర్నార్డ్ విలియమ్స్ 'షేమ్ అండ్ నెసెసిటీ' (1993). మానవశాస్త్రవేత్త రూత్ బెనెడిక్ట్ 1946లో జపాన్ గురించి, గ్రీకు పండితుడు డాడ్స్ 1951లో గ్రీకుల గురించి రాస్తూ సిగ్గు సంస్కృతి, అపరాధ సంస్కృతి అని విడగొట్టారు. సిగ్గు బయటివాళ్ల చూపుకి భయపడటం, అపరాధ భావన లోపలిది, కాబట్టి ఎక్కువ ఎదిగింది అన్న అభిప్రాయం ఆ తర్వాత స్థిరపడింది. విలియమ్స్ దాన్ని తిరగేశాడు. సిగ్గులో చూసే కన్ను "నలుగురు ఏమనుకుంటారో" అన్న ఆ నలుగురిది కానక్కర్లేదు. మన గౌరవానికి పాత్రుడైన ఒక్కడిది అయినా చాలు, ఆ ఒక్కడు ఎదురుగా లేకపోయినా చాలు. సోఫోక్లిస్ నాటకంలో, మతి తప్పి పశువులను శత్రువులనుకుని నరికి నవ్వులపాలైన గ్రీకు వీరుడు అజాక్స్‌కు తట్టుకోలేనిది ఊరి నవ్వు ఒక్కటే కాదు, తండ్రి తెలమోన్‌కు ఏ మొహం చూపించాలన్నది. అపరాధ భావన "నేను ఏం చేశాను" అని, దెబ్బ తిన్నవాడి వైపు చూస్తుంది. సిగ్గు "నేను ఎలాంటివాణ్ని" అని చూస్తుంది. తనను తాను మార్చుకోవాలంటే రెండోదే కావాలి.

పాళీ బౌద్ధంలో హిరి, ఒత్తప్ప అని జంటగా చెప్తారు. తన మీద గౌరవంతో తప్పుకు వెనకాడటం ఒకటి, ఇతరుల నిందకూ ఫలితానికీ జంకడం ఒకటి. విలియమ్స్ విడదీయడానికి ఒక పుస్తకం పట్టినదానికి వాళ్ల దగ్గర రెండు మాటలున్నాయి.

#14 సన్నజాజి

మాటల దగ్గరికొచ్చాం కాబట్టి, అనువదించేవాళ్ల కోసం నా ప్రతిపాదనలు. రిసెంట్‌మెంట్‌కి 'పగ' అని రాస్తున్నారు, అది తప్పు. స్ట్రాసన్ అర్థంలో అది రోషం. "ఉప్పూకారం తినడం లేదా" అని మనం అడిగేది దీని గురించే. వేరేవాళ్లకు జరిగినదానికి మనకొచ్చేది ధర్మాగ్రహం. జర్మన్ తత్వవేత్త నీషే 1887లో ఫ్రెంచి మాటతో చెప్పిన రెసాంటిమా, అంటే బదులివ్వలేక లోపలే పులిసిపోయేది, దానికి ఉక్రోషం దగ్గరగా ఉంటుంది. ఉక్రోషంలో చేతకానితనం ఉంది, రోషంలో లేదు. ఈ మూడింటినీ 'ఆగ్రహం' అని ఒకే గంపలో వేస్తే పుస్తకమే పోతుంది.

ఇంకోటి. వర్చ్యూకి 'శీలం' బాగుండేది. కానీ వాడుకలో అది కుంచించుకుపోయి ఆడవాళ్ల మీద మోపే ఒక్క విషయానికే మిగిలింది. ఇంగ్లిష్‌లో మోరల్ అన్న మాటకూ ఒక దశలో అలాంటి ఇరుకు అర్థం పట్టిందని మెకింటైర్ నాలుగో అధ్యాయంలో చెప్తాడు. బౌద్ధ సందర్భంలో తప్ప నేను 'సద్గుణం' అనే రాస్తాను.

#15 తీరికవేళ

అందరికీ కృతజ్ఞతలు. చివరగా వరుస చెప్పండి. రోజుకు గంట, రెండు నెలలు కేటాయించగలను.

#16 పాతపుటలు

మొదటి వారం అరిస్టాటిల్ 'రెటరిక్' 2.2 నుంచి 2.11 వరకు, 'నికొమాకియన్ ఎథిక్స్' రెండో భాగం, ఆపైన 4.5. ఈ 4.5 (1125బి–1126బి) చిన్నదే గానీ వారం పట్టినా తక్కువే. కోపం విషయంలో అతికీ కొరతకూ నడుమ ఉండే మధ్యస్థానానికి సరైన పేరే లేదని మొదలుపెడతాడు. కోప్పడాల్సినదానికి కోప్పడనివాణ్ని తెలివితక్కువవాడంటారనీ, తనకూ తనవాళ్లకూ జరిగిన అవమానాన్ని సహించడం బానిస లక్షణమనీ అంటాడు. ఈ మాట ఎవరు ఎవరి గురించి రాశారో ఎర్రమట్టి గారి కళ్లతో చూడండి. బానిస వ్యవస్థను సమర్థించినవాడు రాసిన వాక్యం అది. తర్వాత రకాలు. ముక్కుమీద కోపం ఉన్నవాళ్లది తొందరగా వస్తుంది, తొందరగా పోతుంది, అదే వాళ్లలో మేలైన గుణం. దిగమింగేవాళ్ల కోపం చాలాకాలం ఉంటుంది. పైకి కనబడదు కాబట్టి ఎవరూ సముదాయించరు, ఒంటరిగా లోపలే అరిగించుకోవడానికి సమయం పడుతుంది. జీర్ణం చేసుకోవడం అన్న క్రియనే గ్రీకులో వాడాడు.

రెండో వారం స్ట్రాసన్, రెండుసార్లు. మూడు, నాలుగు వారాలు మెకింటైర్, నల్లబల్ల గారు చెప్పిన అధ్యాయాలు. ఐదో వారం అరణ్యపర్వం ఘట్టం, 'కుల నిర్మూలన'. ఆరు, ఏడు నస్‌బామ్, శ్రీనివాసన్. నస్‌బామ్‌లో మొదటి రెండు అధ్యాయాలు చాలు. ఎనిమిదో వారం విలియమ్స్‌లో సిగ్గు మీది అధ్యాయం. ఓపిక మిగిలితే మెకింటైర్ 2016 పుస్తకం 'ఎథిక్స్ ఇన్ ది కాన్‌ఫ్లిక్ట్స్ ఆఫ్ మోడర్నిటీ'. చివర్లో నలుగురి జీవితాలు ఉదాహరణగా ఉన్నాయి: సోవియట్ నవలాకారుడు వసీలీ గ్రాస్‌మన్, అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి సాండ్రా డే ఓకానర్, ట్రినిడాడ్ మార్క్సిస్టు రచయిత సీఎల్ఆర్ జేమ్స్, ఉత్తర ఐర్లండ్ కేథలిక్ ఫాదర్ డెనిస్ ఫాల్.

#17 ఏటిఒడ్డు

మొదటి వారంలో 'రెటరిక్' 2.4 చివరి పేరా (1382ఎ) మిస్ కావొద్దు. అక్కడ కోపానికీ ద్వేషానికీ తేడా చెప్తాడు. కోపం ఎప్పుడూ ఫలానా మనిషి మీద. ద్వేషం ఒక జాతి మనుషుల మీద కూడా ఉండొచ్చు. కోపం కాలంతో తగ్గుతుంది, ద్వేషం తగ్గదు. కోపమొచ్చినవాడు ఎదుటివాడు తను పడ్డ బాధ పడాలనుకుంటాడు, ద్వేషించేవాడు అసలు ఎదుటివాడే ఉండకూడదనుకుంటాడు. మనం ఫోన్లలో రోజూ చూస్తూ కోపం అని పిలుస్తున్నదానిలో చాలాభాగం ఏ మనిషి మీదో, ఏ పనికో చెప్పలేనిది. నస్‌బామ్ తప్పుపట్టేది దీన్నా, ద్రౌపది కోపాన్నా అన్న ప్రశ్న పక్కన పెట్టుకుని ఆరో వారం మొదలుపెట్టండి.